పీచ్ రంగు కాగితం, పార్టీ లేని మార్గో

గెలిచిన ఇండిపెండెంట్‌కి నేను ఓటేసింది జీవితంలో ఒక్కసారే, అదీ మన దగ్గర కాదు. 2011 మే నెల, ఎడిన్‌బరా, మా ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల ఒక స్కూల్లో పోలింగు. స్కాటిష్ పార్లమెంటు ఎన్నికకి చేతిలో రెండు కాగితాలు పెడతారు, లేత ఊదారంగుది నియోజకవర్గం సభ్యుడికి, పీచ్ రంగుది రీజియన్ లిస్టుకి (రీజియన్ అంటే కొన్ని నియోజకవర్గాలు కలిపింది, అక్కడ వచ్చిన ఓట్ల వాటాని బట్టి పార్టీ లిస్టులో పైనుంచి వరసగా సీట్లు దక్కుతాయి). ఊదా కాగితం మీద ఎవరికి వేశానో ఇప్పుడు నిజంగా గుర్తులేదు. పీచ్ కాగితం మాత్రం బాగా గుర్తుంది, పైనుంచి అన్ని పార్టీల పేర్లూ దాటుకుంటూ కిందికొస్తే చివర్లో ఏ పార్టీ లేని మనుషులుంటారు, అందులో మార్గో మెక్‌డోనల్డ్. ఇంటూ కొట్టి మడిచి డబ్బాలో వేసి ఆఫీసుకి పోయా.

ఇండియన్ పాస్‌పోర్టు పెట్టుకుని అక్కడ ఓటేంట్రా అని మావాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. కామన్వెల్త్ దేశం వాళ్ళకి, వీసా సరిగ్గా ఉండి ఓటర్ల లిస్టులో పేరు రాయించుకుంటే, ఓటు ఉంటుంది. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అన్న 2014 రిఫరెండంలో కూడా అలాగే మనవాళ్ళు చాలామంది వేశారు, అది వేరే కథ.

ఓటేసిన రోజు రాత్రి సత్తెనపల్లిలో ఉన్న మా బావకి ఫోన్ చేసి చెప్పా. "129 మందిలో ఒక్కతే గదరా, ఏం చేసుద్ది? నీ ఓటు మూసీలో కలిపావ్" అన్నాడు. (మా ఊరికి మూసీకి ఏం సంబంధమో తెలీదు, కృష్ణలో అన్నా సరిపోయేది.) అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది, కాకపోతే బావ అనుకునే రకం జవాబు కాదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ముందు మార్గో ఎవరో చెప్పాలి. 1973లో గ్లాస్గోలోని గోవన్ ఉప ఎన్నికలో ఎస్ఎన్‌పీ (స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ) తరఫున లేబర్ కంచుకోట బద్దలుకొట్టి లండన్ పార్లమెంటుకి వెళ్ళింది, కొన్ని నెలలకే వచ్చిన జనరల్ ఎలక్షన్లో ఓడిపోయింది. తర్వాత పార్టీకి డిప్యూటీ లీడరైంది, 1982లో గొడవపడి బయటికొచ్చింది, మళ్ళీ చేరింది, 1999లో ఎడిన్‌బరాలో కొత్తగా పెట్టిన పార్లమెంటుకి లోథియన్స్ రీజియన్ నుంచి సభ్యురాలైంది. 2003 ఎన్నిక దగ్గర పడేసరికి పార్టీ ఆవిడ పేరుని లిస్టులో ఐదో స్థానానికి దింపేసింది. అక్కడ లిస్టులో ఐదో పేరంటే ఇంటికెళ్ళమని మర్యాదగా చెప్పడమే. ఆవిడకి పార్కిన్సన్స్ (చేతులు వణికే నరాల జబ్బు) ఉందన్న సంగతి కూడా ఆ రోజుల్లోనే బయటికి పొక్కింది. సరే అని ఇండిపెండెంట్‌గా నిలబడింది, రీజియన్‌లో పది శాతానికి కాస్త పైనే ఓట్లొచ్చాయి, ఒక సీటుకి అంత చాలు. 2007లో మళ్ళీ, 2011లో మళ్ళీ. ఊరు మొత్తం ఆవిడ్ని ఇంటిపేరు లేకుండా మార్గో అనే పిలిచేది, టాక్సీ డ్రైవర్ దగ్గర్నుంచి ప్రత్యర్థి పార్టీ వాళ్ళ దాకా.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మన భాషలో చెప్పాలంటే ఆవిడ రెబెల్. టికెట్ రాక నిలబడ్డ మనిషి. ఆవిడొక్కతే కాదు, ఫాల్కర్క్ వెస్ట్ నుంచి డెనిస్ కానవన్ అని ఒకాయన ఉండేవాడు, ఎన్నో ఏళ్ళు లేబర్ ఎంపీ, 1999లో కొత్త పార్లమెంటుకి నిలబడతానంటే సొంత పార్టీ కమిటీ నీకంత యోగ్యత లేదు పొమ్మంది. ఆయన ఇండిపెండెంట్‌గా నిలబడి 12 వేలకి పైగా మెజారిటీతో, స్కాట్లాండ్ మొత్తంలో అందరికంటే పెద్ద మెజారిటీతో గెలిచాడు. మన దగ్గరా ప్రతి ఎన్నికకీ ఇదే సీను, బీఫాం రాలేదు, కార్యకర్తలు ఏడ్చారు, నామినేషన్ వేశా. గెలిస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు, "నియోజకవర్గం అభివృద్ధి కోసం" అధికార పార్టీ పక్కకి జరుగుతారు. 1985లో వచ్చిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు తర్వాత పార్టీలో చేరితే సభ్యత్వం పోతుంది, అందుకని చేరరు, "మద్దతు" ఇస్తారు. కండువా కప్పుకోరు, పక్కన నిలబడతారు.

కాబట్టి ఎందుకు నిలబడ్డాడు, మనసు ఎంత స్వచ్ఛం అనే లెక్క నేను మానేశా. మా సత్తెనపల్లి వాళ్ళకి పార్టీల్లో ఇమడని నాయకుడంటే వావిలాల గోపాలకృష్ణయ్య గారు, ఆ సీటు నుంచి నాలుగుసార్లు గెలిచారు, అందులో ఇండిపెండెంట్‌గా కూడా, మా తాతయ్య ఆయన ఖద్దరు గురించి, సింపుల్‌గా ఉండడం గురించి పూజ చేసినట్టు చెప్పేవాడు. తప్పేం లేదు. కానీ తాతయ్య ఎప్పుడూ ఆయన సభలో ఏం అడిగారు, దానికి మంత్రి ఏం చెప్పాడు అన్నది చెప్పలేదు, మేమూ అడగలేదు. మనకి మనిషి గుర్తుంటాడు గానీ ప్రశ్న గుర్తుండదు.

నా గొడవ అక్కడే మొదలవుతుంది.

హోలీరూడ్ బిల్డింగ్ సంగతి తీసుకోండి, అంటే ఆ పార్లమెంటు కూర్చునే బిల్డింగే. 1997లో ప్రభుత్వం కాగితం మీద రాసిన అంచనా 10 నుంచి 40 మిలియన్ పౌండ్లు. (న్యాయంగా చెప్పాలంటే అప్పటికి స్థలం ఏదో, డిజైన్ ఏదో కూడా తేలలేదు, ఆ అంకె గాల్లోంచి తీసినట్టే.) బార్సిలోనా నుంచి ఎన్రిక్ మిరాయెస్ అనే ఆర్కిటెక్ట్‌ని తెచ్చారు. 1999 జూన్‌లో సభ ఓటేసింది, కాస్త ఆగి ఆలోచిద్దామా కొనసాగిద్దామా అని, 66-57తో కొనసాగిద్దాం గెలిచింది, అప్పటికే లెక్క వంద మిలియన్లు దాటింది. 2000 జూలైలో మిరాయెస్ పోయాడు, అదే ఏడాది అక్టోబర్‌లో ఆ బిల్డింగ్‌ని తలకెత్తుకున్న మొదటి ఫస్ట్ మినిస్టర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డోనాల్డ్ డ్యూవర్ పోయాడు. 2004లో మూడేళ్ళు లేటుగా పూర్తయింది. మొత్తం 414 మిలియన్లు.

ఎందుకలా అయిందో మన మేస్త్రీ పని తెలిసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు, గుత్తకి ఇవ్వలేదు. మొత్తం పని ఇంతకి అని ఒకడితో మాట్లాడుకోకుండా, ముక్కలు ముక్కలుగా వేరువేరు కాంట్రాక్టులిచ్చి, డిజైన్ ఒకపక్క మారుతుంటే ఇంకోపక్క కట్టుకుంటూ పోయారు. ఆ పద్ధతిలో ఖర్చు పెరిగితే భరించేది ఇంటి ఓనరే, అంటే జనం. లార్డ్ ఫ్రేజర్ విచారణ 2004 సెప్టెంబర్‌లో రిపోర్ట్ ఇచ్చి ముఖ్యంగా పట్టుకున్నది ఈ పద్ధతినే, దీంట్లో ఉన్న రిస్కు సంగతి ఆఫీసర్లు మంత్రులకి సరిగ్గా చెప్పలేదని కూడా రాసింది.

మార్గో ఆ బిల్డింగ్ మీద మొదట్నుంచీ అడుగుతూనే ఉంది, పార్టీలో ఉన్నప్పుడూ, పార్టీ పోయాకా. ఎంతయింది, ఎవరు ఒప్పుకున్నారు, ఏ రోజున ఎవరికి తెలుసు. ఆవిడ అడిగింది కాబట్టే విచారణ జరిగింది అని నేను చెప్పను, పేపర్లు అడిగాయి, ఆడిటర్లు రాశారు, జనం తిట్టుకున్నారు. ఆవిడ అడిగినా ఖర్చు ఒక్క పౌండు తగ్గలేదు కూడా. బావ వింటే "చూశావా" అంటాడు. అననివ్వండి.

నాకు కనిపించింది వేరే. ఆ పార్లమెంటులో ఏ సభ్యుడైనా, పార్టీ ఉన్నా లేకపోయినా, రాతపూర్వకంగా ఒక ప్రశ్న వేస్తే మామూలు రోజుల్లో పది పనిదినాల్లో మంత్రి జవాబు ఇవ్వాలి, సెలవుల్లో అయితే ఇరవై. ప్రశ్నకి ఒక నంబరు ఉంటుంది, జవాబు కింద మంత్రి పేరు, తేదీ ఉంటాయి, ఎవరైనా ఇంట్లో కూర్చుని చదవచ్చు. నేను ఎడిన్‌బరాకొచ్చిన కొత్తల్లో చలికాలం సాయంత్రాలు పని లేక ఇవి చదివేవాణ్ణి, నవ్వకండి, కొన్ని డైలీ సీరియల్ కంటే బావుంటాయి. ఇండిపెండెంట్ సభ్యురాలికి అక్కడ చాలా వాటిల్లో అన్యాయమే. సభ ఎజెండా తేల్చే బ్యూరోలో కూర్చోవాలంటే ఐదుగురు సభ్యుల గ్రూపు కావాలి, సొంతంగా బిల్లు తేవాలంటే 18 మంది సంతకాలు కావాలి, గురువారం మధ్యాహ్నం ఫస్ట్ మినిస్టర్ ప్రశ్నలప్పుడు పెద్ద పార్టీల లీడర్లు కొట్టుకున్నాక ఏమన్నా టైమ్ మిగిలితే దక్కుతుంది. కానీ రాతపూర్వక ప్రశ్న దగ్గర మాత్రం 60 మంది ఉన్న పార్టీ సభ్యుడికీ, పార్టీ లేని మార్గోకీ అదే పది రోజులు.

ఇది చిన్న విషయంలా ఉంటుంది, అనుభవిస్తే గానీ తెలీదు. మా నాన్న పెన్షన్‌కి సంబంధించి ఒక ఫైలు మన దగ్గర ఒక ఆఫీసులో (ఏ ఆఫీసో ఎందుకులెండి) ఏడాదిన్నర ఇరుక్కుంది, నేను లీవ్‌లో వచ్చినప్పుడల్లా వెళ్తే "చూస్తున్నాం సార్, అయిపోతది" అనేవాళ్ళు, కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చారు ఒకసారి. అదే ముక్క కాగితం మీద రాసివ్వండి అన్నా. ఆ రోజు నుంచి టీ బంద్. నోటిమాటకి ఖర్చు లేదు, సంతకం పెట్టాలంటే మాత్రం వెనక ఉన్న ఫైలు తియ్యాలి, అందుకే ఎవడూ పెట్టడు.

మంత్రులు కూడా అంతే, పది రోజుల రూల్ ఉందని నిజాలు కక్కేస్తారని కాదు. తప్పించుకునే జవాబులు అక్కడా కట్టలు కట్టలుగా ఉన్నాయి. మన అసెంబ్లీ జవాబుల్లో "లేదండి", "పరిశీలనలో ఉంది", "ప్రశ్న ఉత్పన్నం కాదు" ఎలాగో, అక్కడ "ఆ సమాచారం కేంద్రీకృతంగా మా దగ్గర లేదు", "అది హెల్త్ బోర్డు చూసుకోవాల్సిన విషయం", "అది లండన్ పరిధిలోది". ఈ మూడోది అలాంటి ప్రభుత్వాలకి దొరికిన వరం. 1998 చట్టంతో లండన్ కొన్ని అధికారాలు ఎడిన్‌బరాకి ఇచ్చింది, ఆరోగ్యం, చదువు, పోలీసు, రోడ్లు ఇక్కడ, రక్షణ, విదేశాంగం, ఇమ్మిగ్రేషన్ అక్కడ. నా వీసా లండన్ చేతిలో, నా డాక్టర్ ఎడిన్‌బరా చేతిలో, నా చెత్తడబ్బా సిటీ కౌన్సిల్ చేతిలో. తప్పు జరిగితే పైకి చూపించొచ్చు, కిందికి చూపించొచ్చు, మధ్యలో ఉన్నవాడు చేతులు దులుపుకోవచ్చు.

పార్టీ సభ్యుడి ప్రశ్న ఈ మెట్ల మధ్యే వంకర పోతుంది. 1999 నుంచి 2007 దాకా ఎడిన్‌బరాలో లేబర్-లిబరల్ డెమొక్రాట్ల ప్రభుత్వం, లండన్‌లోనూ లేబరే, కాబట్టి లేబర్ సభ్యుడు అడిగితే పైనా కిందా రెండు చోట్లా సొంతవాళ్ళకే తగులుతుంది, అడగడు. ఎస్ఎన్‌పీ సభ్యుడు అడిగితే చివరికి తప్పంతా లండన్‌దే అని తేలేలా అడుగుతాడు. 2007లో ఎస్ఎన్‌పీ గద్దెనెక్కాక పాత్రలు మారాయి, డైలాగులు అవే. ఏ మెట్టు మీద తప్పున్నా సరే నాకు ఇబ్బంది లేదు అనుకుని అడగగలిగేది పార్టీ లేనివాళ్ళే. 2003లో స్ట్రాత్‌కెల్విన్ అండ్ బేర్స్‌డెన్ నుంచి జీన్ టర్నర్ అనే డాక్టరమ్మ గెలిచింది, మెజారిటీ 438 ఓట్లు, ఒకే ఒక్క ఎజెండా, స్టాబ్‌హిల్ ఆసుపత్రిలో సేవలు తగ్గించొద్దు. తర్వాతి ఎన్నికలో ఓడిపోయింది అనుకోండి. ఆ నాలుగేళ్ళలో మాత్రం "అది బోర్డు విషయం" అని మంత్రి అంటే సరే అని కూర్చోడానికి ఆవిడకి ఏ విప్పూ లేడు.

విచారణ కమిషన్లు ఉన్నాయి కదా అంటారు. ఫ్రేజర్‌ది త్వరగానే తేలింది. ఎడిన్‌బరా ట్రామ్ గురించి అడగండి, నేను ఆ తవ్వకాల మధ్యలోంచే ఆఫీసుకి నడిచినవాణ్ణి, ప్రిన్సెస్ స్ట్రీట్ మొత్తం నెలల తరబడి మూసేశారు. 776 మిలియన్ పౌండ్లు, 14 కిలోమీటర్లు, మొదట చెప్పిన లీత్ దాకా వెళ్ళకుండానే 2014 మే 31న మొదలైంది. దాని మీద విచారణ అదే ఏడాది వేశారు, రిపోర్ట్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. తొమ్మిదేళ్ళు! ఆ మధ్యలో లీత్ లైన్ కూడా కట్టేసి నడిపేస్తున్నారు. విచారణ పోస్ట్‌మార్టం లాంటిది, రాతపూర్వక ప్రశ్న నాడి చూడడం లాంటిది, రెండూ కావాలి, కానీ పేషెంట్ బతికుండగా పనికొచ్చేది రెండోదే.

అయితే మార్గోని నేను దేవతని చెయ్యట్లేదు. 2009 జనవరి 28 చూడండి. ఎస్ఎన్‌పీకి 47 మందే, మైనారిటీ ప్రభుత్వం. బడ్జెట్ ఓటింగుకొచ్చింది. ఎస్ఎన్‌పీ 47, కన్సర్వేటివ్‌లు 16, మార్గో ఒకటి, 64. అవతల లేబర్, లిబరల్ డెమొక్రాట్లు, ఇద్దరు గ్రీన్లు, వాళ్ళూ 64. సమానం. స్పీకర్ ఆనవాయితీ ప్రకారం ఉన్నది ఉన్నట్టు ఉండేలా, అంటే బడ్జెట్‌కి వ్యతిరేకంగా వేశాడు, బడ్జెట్ పడిపోయింది. వారం తిరిగేసరికి అందరూ భయపడి దాదాపు అంతా కలిసి పాస్ చేశారు. ఆ రోజుల్లో మార్గో ఓటుకి ఒక రేటుంది, ఎడిన్‌బరా రాజధాని కాబట్టి నగరానికి అదనంగా డబ్బివ్వాలి అని బేరం పెట్టి సాధించింది. బావకి ఇది చెప్తే మొట్టమొదటిసారి ఆవిడ మీద గౌరవం కలిగింది, "ఆఁ, ఇది పని" అన్నాడు. నాకు మాత్రం ఇక్కడే కాస్త ఇబ్బంది. నేను ఉండే ఊరికి డబ్బొచ్చింది, సంతోషం, కానీ ప్రశ్న అడిగే మనిషి ఓటు బేరం పెట్టాక అదే ప్రభుత్వాన్ని మర్నాడు అంతే గట్టిగా అడగగలదా? మార్గో అడిగింది. అందరూ అడగలేరు. మన "అభివృద్ధి కోసం మద్దతు" కూడా మొదలైంది ఇలాంటి చోటే, మార్గో బేరం అందరికీ కనపడేలా నగరం కోసం పెట్టింది, అంతే తేడా.

ఇంకో లోటు, వాళ్ళకి వెనక ఎవరూ ఉండరు. ఆవిడ మనసుపెట్టి తెచ్చిన బిల్లు, తీరని జబ్బుతో ఉన్నవాళ్ళు చనిపోవడానికి సాయం అడిగే హక్కు. తనకి పార్కిన్సన్స్, తన గురించే మాట్లాడుతున్నానని దాచలేదు. 2010 డిసెంబర్ 1న 85-16తో ఓడించారు. ఆ చర్చ నేను ఆఫీసులో దొంగతనంగా చూశా, ఎందుకంటే అప్పటికి మా నాన్నకి చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది, అదే జబ్బు. నాన్నకి ఫోన్‌లో చెప్తే "అదేం చట్టంరా, పోయేటప్పుడు పోతాం" అన్నాడు, కాసేపాగి "ఆవిడకి మాట తడబడుతోందా?" అని అడిగాడు. లేదు నాన్నా, కూర్చోబెట్టి దులిపేస్తోంది అన్నా. బిల్లు మీద నాకిప్పటికీ ఒక అభిప్రాయం లేదు, నాన్న మాటా కరెక్టే అనిపిస్తుంది, ఆవిడ మాటా. ఆవిడ ఊరుకోలేదు, 2013 నవంబర్‌లో మళ్ళీ తెచ్చింది. 2014 ఏప్రిల్ 4న చనిపోయింది, జీవితమంతా కోరుకున్న రిఫరెండంకి ఐదు నెలల ముందు. బిల్లుని గ్రీన్ పార్టీ ప్యాట్రిక్ హార్వీ ఎత్తుకున్నాడు, 2015 మేలో 82-36తో అదీ ఓడింది. 16 నుంచి 36. పదేళ్ళ తర్వాత, 2025 మేలో, వేరే సభ్యుడు తెచ్చిన వేరే బిల్లు మొదటి దశలో 70-56తో గట్టెక్కింది. మొదట అడిగినవాళ్ళకి పడ్డ ఓట్లు చూసి ఆ ప్రశ్న విలువ కట్టకూడదని నేననేది ఇందుకే.

కాబట్టి బావా, నా జవాబు ఇది. ఒక్కతి ఏం చేసుద్ది అని కాదు, ఆ ఒక్కతి అడిగితే జవాబు రాసివ్వక తప్పని రూల్ ఉందా లేదా అని అడుగు. ఉంటే ఒక్కరు చాలు. లేకపోతే 50 మంది పోడియం చుట్టూ నిలబడి అరిచినా మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది, అంతే. మన అసెంబ్లీల్లో ఈసారి ఎంతమంది ఇండిపెండెంట్లు గెలిచారు అన్న చర్చ మానేసి, వేసిన ప్రశ్నల్లో ఎన్నిటికి రాతపూర్వక జవాబు వచ్చింది, ఎన్ని రోజులకి వచ్చింది అన్న లెక్క ఎవరైనా తీస్తే నేను మొదటి చందా ఇస్తా.

మార్గో పోయిన సంగతి ఫోన్‌లో చెప్తే బావ ఓపిగ్గానే విన్నాడు. 2014 ఏప్రిల్‌లో, ఆవిడ పోయిన వారమే అది. అంతా విని వెంటనే అడిగాడు, "మరి ఉప ఎన్నిక ఎప్పుడు?"

లేదు బావా అన్నా. లిస్టు సీటు కదా, పార్టీ సభ్యుడు పోతే అదే లిస్టులో తర్వాతి పేరు వస్తుంది. ఆవిడ లిస్టులో ఆవిడొక్కతే.

"అంటే?"

అంటే ఖాళీగా ఉంచుతారు.

"ఎన్నాళ్ళు?"

2016 మే దాకా. 129 సీట్లలో 128 మందితో.

అవతల కాసేపు చప్పుడు లేదు. "రెండేళ్ళా?" అన్నాడు, "మా దగ్గరైతే ఈపాటికి అరడజను మంది బీఫాంకి తిరుగుతుండేవాళ్ళురా."